ఉడుత తోక వాగు దాటిన ఏడు

పొద్దున్నే జిగురన్నం ఆవిరికి పెట్టి, కోడి పులుసు కుతకుతలాడుతుంటే బువాలాయ్ పెరట్లోకి వెళ్లేది. పులుసులోకి నాలుగు లేత గంజాయి ఆకులు తుంచుకు రావడం ఆ ఇంట్లో అమ్మమ్మల నాటి అలవాటు. మధ్యలో నలభై ఏళ్లకు పైగా చట్టం ఒప్పుకోక ఆ పులుసు చప్పబడిపోయింది. చట్టం మారాక, ఆ వానాకాలం, ఫూఫాన్ కొండల కింద మళ్లీ ప్రతి పొయ్యి మీదా అదే వాసన.

మేనమామ పాత సీసాలో దాచిన గింజలు పన్నెండు మొలిచాయి. అసలైన ఉడుత తోక రకం. ఆకులు సన్నగా, ఆడపిల్ల వేళ్లలా ఉంటాయి. మనిషికి రెండింతల ఎత్తు సాగుతుంది. తొందరేమీ ఉండదు దానికి. మిగతా రకాలు కోతకొచ్చేసినా ఇది వానలు వెళ్లి, చలి బాగా ముదిరాక గానీ పువ్వు పండదు. పండిందా, పొడుగాటి వెన్ను ఉడుత తోకలా వంగి, మాగిన మామిడి వాసన వీధి చివరిదాకా కొడుతుంది.

ఈ రకం నడుస్తుంది కూడా. రోజుకి మూరెడు, వాన పడితే రెండు మూరలు, మనసు పడితే ఎంతైనా. పువ్వు పండాక మాత్రం ఎక్కడ నిలబడితే అక్కడే వేళ్లు దించేస్తుంది. మందుల కోసం ఈ పువ్వులు కొనే ఆస్పత్రి నుంచి మొక్కలు రాసుకోవడానికి వచ్చిన అమ్మాయికి అది తెలిసిందే.

"నంబరు చీటీ కర్రకి కాదు పెద్దమ్మా, కాండానికి కట్టు. కిందటి వారం పక్కూళ్లో ఉత్త కర్రలే మిగిలాయి," అంది.

మగ మొక్కలు ఐదు తేలాయి. పుప్పొడి రాలకముందే బువాలాయ్ వాటిని పీకేసింది. మిగిలిన ఏడింటిలో ఆరు పెరట్లోనే అటూ ఇటూ తచ్చాడేవి. ఏడోది మాత్రం రోజూ వాగు వైపే. కూతురు ఒరతై దాన్ని వేరుమట్టితో సహా ఎత్తుకొచ్చి మళ్లీ నాటేది.

"దీనికి అక్కడేం పనే అమ్మా? తాడు కట్టనా?"

"కట్టు," అంది బువాలాయ్, అటు చూడకుండా.

వాగు అవతల ఖామ్‌సేన్ ఉండేవాడు. వెదురు బుట్టలు అల్లుకునే ఒంటరివాడు. ఆయన గడప ఆవిడ తొక్కి నలభై ఒక్క ఏళ్లు.

అప్పటికి బువాలాయ్‌కి పంతొమ్మిది. వాళ్ల నాన్న కొండ మలుపులో దొంగచాటుగా ఉడుత తోక వేశాడు. నాట్ల రోజుల్లో ఆ పిల్ల రోడ్డు పక్క మడిలో వంగి పాట ఎత్తుకుంది. మంచి గొంతు. ఆ పాట వింటూ మొక్కలు ఒక్కొక్కటే కొండ దిగి, వారం తిరక్కుండా మడి గట్టున వరసగా వచ్చి నిలబడ్డాయి. అదే వేళకి పోలీసు జీపు వచ్చింది.

"ఎవరివిరా ఇవి?"

నాన్న ముఖం పాలిపోయింది. అమ్మ ఏడో నెల కడుపుతో ఉంది. పక్క మడిలోంచి ఖామ్‌సేన్ బురద కాళ్లతో గట్టెక్కి, "నావే" అన్నాడు. బువాలాయ్ నోరు తెరవబోతే నాన్న ఆమె మణికట్టు ఒడిసిపట్టుకున్నాడు. ఆమె మూసుకున్న నోరు మళ్లీ తెరవలేదు.

నాలుగేళ్లు జైలు. రెండో ఏడే ఆమెకి పెళ్లి చేసేశారు. ఆయన తిరిగొచ్చాడు గానీ ఈ గట్టుకి రాలేదు. ఆమె ఆ గట్టుకి పోలేదు. సంతలో ఎదురుపడితే ఆమే తల దించుకునేది. భర్త పోయి ఏడేళ్లయినా ఆ అలవాటు పోలేదు.

చలి బాగా ముదిరాక ఒకరోజు తాడు తెగి పడుంది. మొక్క లేదు.

"రేపోమాపో పండే మొక్కమ్మా! ఆస్పత్రికి ఏం చెప్తాం? నే వెళ్లి తెస్తానుండు," అంది ఒరతై.

బువాలాయ్ ఆ తాడు ముక్క తీసి పక్కన పడేసింది. "వద్దు. నేనే వెళ్తా."

వాగులో నీళ్లు చీలమండల దాకే ఉన్నాయి. ఖామ్‌సేన్ వాకిట్లో వెదురు చీలుస్తున్నాడు. పక్కనే మొక్క, పండిన పువ్వులతో. మొదలు చుట్టూ మట్టి ఎగదోసి, నీళ్లు పోసి ఉంది.

"నిన్న వచ్చింది. దాహంగా కనిపిస్తే ఓ చెంబుడు పోశా. కూర్చో, బువాలాయ్."

ఆవిడ కూర్చోలేదు. "ఆ రోజు మొక్కలు దిగొచ్చింది నా పాటకే. అవి మావి. నాకు తెలుసు. చెప్పలేదు."

"నాకూ తెలుసు."

"తెలిసే అన్నావా?"

"మీ అమ్మ కడుపుతో ఉందిగా. నాకెవరున్నారు ఏడవడానికి?" కత్తి కింద పెట్టాడు. "మొదటి ఏడు నీ మీద కోపమే బువాలాయ్, అబద్ధమెందుకు. ఒక్క ఉత్తరం రాస్తావనుకున్నా."

"రాశాను. నాన్న పొయ్యిలో వేశాడు. రెండోది రాసే ధైర్యం లేకపోయింది."

ఆయన లేచాడు. లోపల్నుంచి పీట తెచ్చి, కండువా కొసతో దుమ్ము తుడిచి వేశాడు. ఈసారి ఆవిడ కూర్చుంది. చాలాసేపు ఏడ్చింది. ఆయన వెదురు చీలుస్తూనే ఉన్నాడు, మెల్లగా.

మొక్క కదల్లేదు. వేళ్లు దించేసింది. పువ్వులు అక్కడే కోయాలి, అక్కడే నీడన ఆరబెట్టాలి. తెలిసిన చెయ్యి రోజూ తిరగేయకపోతే బూజు పడుతుంది. ఖామ్‌సేన్ వెదురు చట్రాలు అల్లి చూరుకి వేలాడదీశాడు. బువాలాయ్ పన్నెండు రోజులు పొద్దున్నే వాగు దాటింది. "ఒడుపు తెలియని మనిషివి, దూరంగా ఉండు" అని ఆయన్ని కసిరేది. "ఇదేమన్నా మీ ఇల్లా?" అనేవాడాయన, నవ్వుతూ.

పన్నెండో నాడు ఆస్పత్రి బండి వచ్చి పువ్వుల సంచులు ఎక్కించుకుపోయింది.

మర్నాడు బువాలాయ్ తలదువ్వుకుని, కాస్త బాగున్న నేతబట్ట నడుముకి చుట్టుకుని మెట్లు దిగుతుంటే ఒరతై అరుగు మీంచి అడిగింది.

"అక్కడింకేం మిగిలిందమ్మా?"

"అన్నానికి రమ్మన్నాడే," అంది బువాలాయ్. చెప్పులు చేత్తో పట్టుకుని నీళ్లలోకి దిగింది.