నూటపదహారు మెట్లు

మా బడి మెట్లు ఇరవై రెండు. నాకు నలభై ఒకటి.

నాలుగేళ్ల కిందట ఒక సోమవారం హాజరుపట్టీ చంకలో పెట్టుకుని పైకి వెళుతుంటే అయిదో మెట్టుకీ ఆరో మెట్టుకీ మధ్య ఇంకో మెట్టు కనిపించింది. దాని మీద కాలు పెట్టకుండా ఆరోదాన్ని అందుకోవడం కుదరదు. అలాంటివి మొత్తం పంతొమ్మిది. ముట్టుకుంటే అప్పుడే ఇస్త్రీ చేసిన బట్టలా వెచ్చగా ఉంటాయి. ఏ మేడ ఎక్కినా ఇదే లెక్క, ఒకటి తగ్గదు, ఒకటి పెరగదు. నా పేరు భ్రమరాంబ, ఊళ్లో అందరూ లెక్కల టీచరు అంటారు. ఇరవై ఆరేళ్లుగా పిల్లల చేత కూడికలు చేయిస్తున్నదానికి మెట్లు లెక్కపెట్టడం రాదంటే ఒళ్లు మండదా?

నేను పైకి చేరేసరికి మొదటి పీరియడు అయిపోయి ఉండేది. రెండో పీరియడంతా ఊపిరి వెతుక్కునేదాన్ని. అది మామూలుగా నల్లబల్ల వెనకాల దొరికేది.

డాక్టర్లు రక్తం తీస్తారు, ఎక్స్‌రే తీస్తారు. అన్నీ బాగానే ఉంటాయి. ఒక డాక్టరు గారు నా ఎదురుగానే మెట్లెక్కి, దిగి, ఇరవై రెండేనమ్మా అని చెప్పి బలానికి సిరప్పు రాశారు. సిరప్పు తియ్యగానే ఉంది.

నన్ను ఆదుకున్నది మా హెడ్మాస్టరు ముక్తేశ్వరరావు గారు. ఆయన గది కింద, గంట పక్కన. పదకొండేళ్లుగా ఆయన పైకి రాలేదు. పై తరగతుల తనిఖీ అంటే ఆవరణలో నిలబడి చెవి పైకెత్తి వినడమే. ఆయన నన్ను కూర్చోబెట్టి నెమ్మదిగా చెప్పారు.

"మెట్లు అనకండి టీచరు గారూ. మోకాళ్లు అని రాయించుకోండి. మోకాళ్లంటే ఎవరూ ఏమీ అడగరు. అది పనిచేస్తుందని నాకు తెలుసు."

పనిచేసింది. నాకు కింద గదిలో ఆరో తరగతి ఇచ్చారు. సర్టిఫికెట్టు ఆయన బీరువాలో ఉంది, మోకాళ్ల నొప్పి కూడా అందులోనే ఉంటుంది. బీరువా తలుపు తీసినప్పుడల్లా మూలుగు వినిపిస్తుంది. నా మోకాళ్లు మటుకు నిక్షేపంగా ఉన్నాయి. రిటైర్మెంటు ఇంకా తొమ్మిదేళ్లుంది. ఆ కాగితం ఉన్నంతవరకు నేను నేల మీద బతకగలను.

నాలాంటివాళ్లం ఊళ్లో పదకొండుమందిమి. గురువారం మధ్యాహ్నాలు లారీ ఓనర్ల సంఘం హాల్లో కలుస్తాం, దానికి గడప కూడా లేదు. మా కార్యదర్శి గవర్రాజు గారు రిటైరైన ఆర్టీసీ కండక్టరు, ఆయనకి ఏడు మెట్లు ఎక్కువ. బట్టలు కుట్టే అప్పచెల్లెళ్లు మేరీ, మార్తమ్మలకి చెరో తొమ్మిది. కొత్తగా పెళ్లయిన హైమకి ముప్పై ఎనిమిది. హైమ అత్తవారు మేడ మీద ఉంటారు. పాలకోసం దిగిన పిల్ల పైకి చేరేసరికి పాలు పెరుగవుతాయి. సోమరిపోతని పేరు పెట్టారు.

ఒక్క సంగతి మేం మాత్రమే కనిపెట్టాం. ఎవరి మెట్లు వాళ్లవే, కానీ కలిసి ఎక్కితే మెట్లు కలుస్తాయి. ఒకసారి గవర్రాజు గారు పాపం కదా అని హైమకి తోడుగా బ్యాంకు మేడెక్కారు. నలభై అయిదు అదనపు మెట్లెక్కి మూడు రోజులు మంచం దిగలేదు. అప్పట్నుంచి మెట్ల దగ్గర ఒకరి పక్కన ఒకరం నిలబడం. మాకు ఒకరంటే ఒకరికి చాలా ఇష్టం, నేల మీద.

పదకొండో మనిషి నూకరత్నం. ఆవిడకి పన్నెండు ఎక్కువ. మార్కెట్ యార్డులో ధాన్యం కొలిచే ఇంటి మనిషి. ఆవిడ గొంతు ఆవిడ కంటే పది నిమిషాలు ముందొచ్చి ముందు వరసలో కుర్చీ పట్టుకుంటుంది. తర్వాత ఆవిడొచ్చి దాని పక్కన కూర్చుంటుంది. ధాన్యం కొలిచేవాళ్లు మొదటి కుంచాన్ని ఒకటి అనరు, లాభం అంటారు. లాభం, రెండు, మూడు. ఆవిడ మెట్లు కూడా అలాగే లెక్కపెడుతుంది. మమ్మల్ని పిరికిపీనుగులని మొహం మీదే అంటుంది. నాకు ఆవిడంటే పడదు. దాచడం ఎందుకు?

గత నెల టీవీవాళ్లు వచ్చినప్పుడు మాట్లాడింది ఆవిడే. డాక్టర్లని తెల్లకోటు గాడిదలంది. వాళ్లకి లిఫ్టు తప్ప మెట్టు తెలియదంది. తనకి నూటపదహారు మెట్లని చెప్పింది. అబద్ధం. ఆవిడవి ముప్పై నాలుగు. గురువారం గవర్రాజు గారు నిలదీస్తే ఆవిడేం తడుముకోలేదు.

"ముప్పై నాలుగంటే ఎవడింటాడండి? అదీ ఒక అంకేనా? నలుగురిలో చెప్పుకునేటప్పుడు నూటపదార్లనాలి."

పది రోజులకి మెడికల్ బోర్డు నుంచి నోటీసు వచ్చింది. సర్కారు ఆసుపత్రి మెట్ల మీద సోమవారం పదకొండింటికి విచారణ. ఇంజనీరు ఇరవై రెండు మెట్లకీ సుద్దముక్కతో అంకెలు వేస్తాడు. బోర్డు కూర్చునే గది తలుపు, ఫిర్యాది టీవీలో చెప్పినట్టే, నూటపదహారో మెట్టు దగ్గర ఉంటుంది. ఆరుగురు మనుషులు మెట్లెక్కి వచ్చి ఆ తలుపు కొట్టాలి. ఆరుగురైతే జబ్బు, అయిదుగురైతే అలవాటు. అలవాటని తేలితే ఇక ముందు ఏ ఆసుపత్రిలోనూ మెట్ల మాట ఎత్తకూడదు. కింద ముద్ర ఉంది.

ఆ గురువారం హాల్లో గవర్రాజు గారు నోటీసు చదివి, ఎవరెవరు ఎక్కుతారని అడిగారు. ఆవిడ నోటికి మనమెందుకు బలవ్వాలని ఒకరన్నారు. గాడిదలన్నందుకు క్షమాపణ చెబితే ఆలోచిద్దామని ఇంకొకరన్నారు. ఆవిడ కాకుండా నెమ్మదస్తురాలెవరైనా దొరికితే బాగుండేదని నేనన్నాను. నెమ్మదస్తులు నాలుగేళ్లుగా ఇక్కడే ఉన్నారు కదండీ, అని హైమ నా వైపు చూడకుండా అని, మొదటగా చెయ్యెత్తింది. మేరీ ఎత్తింది. మార్తమ్మ అక్కని చూసి ఎత్తింది. గవర్రాజు గారు లేచి నిలబడ్డారు.

"ఆవిడ మాట నాకూ నచ్చదండి. కానీ మధ్యదారిలో మనిషిని దింపెయ్యడం నా సర్వీసులో లేదు."

మిగతా అయిదుగురికీ పనులు గుర్తొచ్చాయి. గుమ్మానికి అడ్డంగా నూకరత్నం నిలబడి ఉంది కాబట్టి గోడలోంచి ఒక్కొక్కరే వెళ్లిపోయారు.

నేను కుర్చీలోనే ఉన్నాను. అలవాటు కొద్దీ మనసులో కూడిక చేశాను. హైమ ముప్పై ఎనిమిది, నూకరత్నం పన్నెండు, అప్పచెల్లెళ్లు పద్దెనిమిది, గవర్రాజు గారు ఏడు, మొత్తం డెబ్బై అయిదు. దానికి ఇరవై రెండు కలిపితే తొంభై ఏడు. తొంభై ఏడుకి నా పంతొమ్మిది కలిపితే ఎంతో చూసి, నమ్మలేక వేళ్లు మడిచాను. మళ్లీ చేశాను. అదే వచ్చింది. చెబితే రమ్మంటారు. వెళితే బీరువాలో కాగితం అబద్ధమవుతుంది, మర్నాడే మేడ మీద ఎనిమిదో తరగతి. లెక్క నోట్లోనే పెట్టుకుని ఇంటికొచ్చాను. అన్నం తింటుంటే పంటి కింద తగిలింది.

అంతకుముందు, హాల్లోంచి కదిలేటప్పుడు, నూకరత్నం నా దగ్గరికొచ్చింది. తిడుతుందనుకున్నాను.

"రాకపోతే రాకండి టీచరు గారూ. మీ మెట్లు ఎక్కడికీ పోవు, మీకాడే ఉంటాయి."

తిట్టినా బాగుండేది.

సోమవారం సెలవు పెట్టి ఆసుపత్రికి వస్తాను, ఊరికే చూడడానికి. మెట్ల కింద బల్ల మీద ముక్తేశ్వరరావు గారు అప్పటికే కూర్చుని ఉంటారు. ఒళ్లో నా ఫైలు. ఫైలు సన్నగా మూలుగుతోంది.

"మీరు చూడ్డానికే వచ్చారు కదండీ?" అని అడుగుతారు.

"చూడ్డానికేనండి."

"నేనూ అంతే," అంటారు. చెప్పులు మటుకు బల్ల కింద విప్పి, జతగా పెట్టి ఉన్నాయి.

పదకొండయ్యేసరికి అయిదుగురూ ఎక్కడం మొదలుపెడతారు. లాభం, అని నూకరత్నం గొంతు వినిపిస్తుంది. ఇంజనీరు కింద నిలబడి అంకెలు చూస్తుంటాడు. సుద్దతో రాసిన అయిదుకీ ఆరుకీ మధ్య వాళ్లు ఇరవై నిమిషాలుంటారు.

"ఎందుకు ఆగారు?" అని ఇంజనీరు కేకేస్తాడు.

"ఆగలేదండి, ఎక్కుతున్నాం," అంటారు గవర్రాజు గారు.

ఇంజనీరు ఆగారు అని రాసుకుంటాడు. ఒంటిగంటకి హైమ కాళ్లు వణకడం ఇక్కడికి కనిపిస్తుంది. మేరీ, మార్తమ్మలు చెరో రెక్కా పట్టుకుంటారు. రెండున్నరకి తొంభై ఏడు అని వినిపిస్తుంది.

వాళ్లకెదురుగా గోడ ఉంది. సున్నం వేసిన మామూలు గోడ. హైమ దాన్ని అరచేత్తో తడిమి చూస్తుంది. నూకరత్నం కిందికి తొంగిచూడదు, నా పేరు పిలవదు. చీర సర్దుకుని మెట్టు మీద కూర్చుంటుంది. ఇంజనీరు కలం మూత తీసి, అయిదుగురు, అని మొదలుపెడతాడు.

నాకు భయంగా ఉంది. ఇంత భయం ఎప్పుడూ వెయ్యలేదు. కానీ తప్పు లెక్క నా కళ్ల ముందు రాస్తుంటే ఊరుకోవడం నాకు చేతకాదు.

లేస్తాను. ముక్తేశ్వరరావు గారు ఫైలు రెండు చేతులతో నొక్కి పట్టుకుంటారు. "టీచరు గారూ, కాగితం చెల్లకుండా పోతుందండి," అంటారు. ఆయన గొంతులో కోపం లేదు, బతిమాలుతున్నట్టుంది. తెలుసునండి అని చెప్పి మొదటి మెట్టు మీద కాలు పెడతాను. ఒకటి అనబోతాను. నోట్లోంచి లాభం అని వస్తుంది.

ఫైల్లో మూలుగు ఆగిపోతుంది. పైన గోడ వెనక్కి జరిగిన చప్పుడు వినిపిస్తుంది.

తొంభై ఏడు మెట్లూ ఎక్కుతాను. అందరి మెట్లూ వెచ్చగానే ఉన్నాయి. హైమవి కొంచెం తడిగా ఉన్నాయి, వాటి మీద జాగ్రత్తగా అడుగు వెయ్యాలి. గవర్రాజు గారివి కుదురుగా, ఎత్తు తక్కువగా ఉన్నాయి. నూకరత్నం మెట్ల మీద కాలు పెడితే నిశ్శబ్దంగా ఉంటుంది, అసలు ఏ చప్పుడూ ఉండదు. ఆవిడ ఇన్నాళ్లూ అంత గట్టిగా ఎందుకు మాట్లాడుతోందో ఆ పన్నెండు మెట్లూ ఎక్కాకే నాకు అర్థమవుతుంది. సిగ్గేస్తుంది.

పైకి చేరేసరికి నాలుగున్నర. నూకరత్నం పక్కకి జరిగి చోటిస్తుంది. మీకు ఈ లెక్క ముందే తెలుసా అని అడుగుతాను.

"రాశి చూసి ఎన్ని కుంచాలో చెప్పడం మావోళ్ల పనండి," అంటుంది. "టీవీవోళ్లు అడిగినప్పుడు నా కళ్లకి మీరే కనపడ్డారు."

మిగిలిన పంతొమ్మిదీ నావి. ఆరుగురం ఒకరి చెయ్యి ఒకరం పట్టుకుని ఎక్కుతాం. నూటపదహారు, అని ఆరు గొంతులూ ఒకేసారి అంటాయి. ఎదురుగా ఆకుపచ్చ రంగు తలుపు. గవర్రాజు గారు కొడతారు. బోర్డు పెద్దాయన తలుపు తీసి, మమ్మల్ని వేలితో లెక్కపెట్టి, మా వెనక మెట్ల వైపు చాలాసేపు చూస్తారు.

"సరే, జబ్బే," అంటారు. లోపలికెళ్లి కాగితం మీద ముద్ర వేసుకొచ్చి, ఆరని ముద్ర మీద ఊదుతూ చాస్తారు.

గవర్రాజు గారు అందుకోబోతారు. ఒక మెట్టు దూరం. తలుపు వెనక్కి జరిగింది. ఇంకో అడుగు వేస్తే మూడు మెట్లు. ఆ తర్వాత పది. బోర్డు పెద్దాయన చెయ్యి చాచే ఉంది. కాగితం పోస్టుకార్డంతై, స్టాంపంతవుతుంది. పరుగెత్తితే అందుతుందేమో. అందరం నూకరత్నం వైపు చూస్తాం. ఆవిడ కిందికి చూస్తోంది.

అక్కడ బల్ల మీద ఫైలు ఒక్కటే ఉంది. దాని కింద ఒక జత చెప్పులు. ఆసుపత్రి గేటు దగ్గర్నుంచి ఇంకా ఎవరెవరో వచ్చి, ఆ చెప్పుల పక్కన తమ చెప్పులు వరసగా విడుస్తున్నారు. వాళ్లలో గోడలోంచి వెళ్లిపోయిన అయిదుగురూ ఉన్నారు. తెల్లకోటు వేసుకున్న ఒకాయన కూడా ఉన్నారు, సిరప్పు రాసినాయనలాగే ఉన్నారు. మా ముందు మెట్లు పెరుగుతూ ఆసుపత్రి కప్పు దాటి, కరెంటు తీగలు దాటి పోతున్నాయి. ఆకుపచ్చ తలుపు ఆకాశంలో మిరపగింజంత ఉంది.

"కూర్చోండి," అంటుంది నూకరత్నం. "రానిద్దాం."

కూర్చుంటాం. మెట్టు వెచ్చగా ఉంది. కింద నుంచి, పదకొండేళ్లుగా పైకి రాని మనిషి గొంతు, పాఠం అప్పజెబుతున్నట్టు, మొదటి మెట్టు పేరు చెబుతుంది.

"లాభం."