గోకుల్ విప్పిన జడ

చందనం చల్లగా ఉంది.

అప్పుడే గొరిగిన తల మీద, తిరుత్తణి కొండగాలికి... ఇంకా చల్లగా.

రాసింది గోకుల్. భార్గవి మొగుడు. మేనత్త కొడుకు. లంగాలు కట్టుకున్న నాటి నుంచీ ఆమె బావా అని పిలిచిన మనిషి.

అతని వేళ్లు వణికాయి. తన మీద ప్రేమ అనుకుంది.

జడ విప్పిందీ అతనే. గుండు కొట్టే ఆయన ముందు ఆమె కూర్చుంటే, పాయలు విడదీసి వీపు మీద పరిచాడు — మగ్గం మీద పడుగు సర్దినట్టు, ఒక్క పోగూ తెగకుండా.

మొక్కు అతని తల్లి సుందరవల్లిది.

అంతకుముందు తిరువళ్లూరు ఆసుపత్రిలో భార్గవి అండాలనూ గోకుల్ వీర్యాన్నీ ఒక గాజు పళ్లెంలో కలిపి ఉంచారు. తెల్లారింది. ఒక్కటీ కలవలేదు. ఒక్కటీ పిండం కాలేదు.

"నీ కడుపులోనే ఏందో కొరత వుండాది. కొండసామికి తల ఇచ్చుకో పో" అంది అత్త.

గోకుల్ పక్కనే ఉన్నాడు. నేల చూశాడు.

భార్గవి తల ఇచ్చింది.

తొలివానకు గరిక లేచినట్టు నెత్తిన వెంట్రుకలు లేస్తున్నప్పుడు, ఇద్దరూ మళ్లీ తిరువళ్లూరు వెళ్లారు.

"మళ్లా చేస్తే నిలుస్తాదా డాక్టరమ్మా?"

అదొక్కటే ఆమె ప్రశ్న.

"మాట ఇయ్యలేనమ్మా. అయితే పోయినసారి కలవలేదని ఈసారీ కలవదని కాదు. నీ అండాలు బాగుండాయి. ఈసారి ఒక్కో అండంలోకి ఒక్కో వీర్యకణాన్ని మేమే సన్న సూదితో పంపిస్తాం." డాక్టర్ కాంచన ఆమె తల వైపు చూసి, చూపు తిప్పుకుంది. "పోయినసారే ఇట్ట చేద్దామంటి. ఆయన కణాల్లో కదలిక చాలా తక్కువ కదా. మీరిద్దరూ మాట్లాడుకొని వద్దనుకున్నారని మీ ఆయన చెప్పెనే?"

ఇద్దరూ...

గోకుల్ చొక్కా బొత్తాం తిప్పుతున్నాడు.

అతనికి తెలుసు.

అత్త ఆ మాట అన్నప్పుడు తెలుసు. జడ విప్పినప్పుడు తెలుసు. చందనం రాసినప్పుడూ తెలుసు — వేళ్లు వణికింది అందుకు.

తిరుగు రైల్లో కిటికీ బయట మామిడి తోపులు. వాటి మీద ఒక మబ్బు — కురవకుండానే పోతూ.

"మా యమ్మకు తెలిస్తే నన్ను మొగోడనుకుంటాదా భార్గవీ?"

"నన్ను మాత్రం ఆడదనుకున్నిందా బావా?"

గోకుల్ ఆమె పక్కకు జరిగాడు.

"ఈసారి సూదితోనే చేసుకుందాం. అయితాది."

అయితే బాగుండు. అవును... ఆమెకు ఇంకా బిడ్డ కావాలి. ఇంత జరిగినా, ఈ మనిషి బిడ్డే కావాలి. అతని కంటే ఎక్కువగా ఆ కోరికే ఆమెను మోసం చేస్తోంది.

"మీ యమ్మకు నువ్వే చెప్పు. నా ముందర చెప్పు. చెప్పినాకే నేను ఆసుపత్రి మెట్టెక్కేది."

ఇల్లు చేరేసరికి వాకిట్లో అత్త నూలు చుడుతోంది. తల ఎత్తలేదు.

"డాక్టరు ఏమనె? దీని కడుపు ఇంకనన్నా పండుతాదంటనా?"

గోకుల్ చెప్పులు విడిచాడు.



"అమ్మా..." అన్నాడు. అంతే.

భార్గవి లోపలికి పోలేదు. అతను చెప్పేదాకా కదలనన్నట్టు అరుగు మీద కూర్చుంది. నెత్తి మీద మధ్యాహ్నపు ఎండ — నిప్పులా.

కొంగు కప్పుకోలేదు.