ఎర్రబడిన బిళ్ల

చింతపండు పిప్పితో రుద్ది, విబూది అద్ది, మళ్లీ రుద్దింది గంగాదేవి. బిళ్ల అంచు తెల్లబడాల్సింది పోయి ఇంకాస్త ఎర్రగా తేలింది. కడిగి చూసింది. ఎరుపు పోలేదు.

గడప దగ్గర కూర్చున్న చౌడమ్మ చెయ్యి చాచింది.

"ఇట్లియ్యి."

చౌడమ్మ హనుమక్క తల్లి. హనుమక్క ఓబులేష్ మొదటి భార్య. చంటిపిల్లను వదిలి ఆమె విషజ్వరంతో పోయాక ఓబులేష్ గంగాదేవిని చేసుకున్నాడు. తాళి కట్టిన పీటల మీదే, పోయినామె పేరున ఈ వెండి బిళ్లను కూడా గంగాదేవి మెడలో వేశారు. రెండో భార్య మెడలో మొదటామె బిళ్ల ఉండటం వాళ్ల ఆనవాయితీ. కొత్త చీర కొంటే ముందు దాని దగ్గర పెట్టి, కుంకుమ అద్దాకే కట్టుకోవాలి. ఇంట్లో అందరూ దాన్ని అక్క బిళ్ల అంటారు.

వేరే ఇళ్లలో ఆ బిళ్లను కంసాలితో చేయిస్తారు. ఇక్కడ ఆ అవసరం రాలేదు. తొలకరి వాన పడగానే వజ్రకరూరు చేలల్లో జనమంతా వజ్రాల కోసం వంగి వెతుకుతుంటే, హనుమక్కకు మట్టిలో ఒక పాతకాలం నాణెం దొరికింది. గుండ్రంగా ఉండదు, పలకగానూ ఉండదు. ఒక మూల కత్తిరించేసినట్టు ఉంటుంది. మీద సూర్యుడి గుర్తు, మూడు గుట్టల గుర్తు, ఇంకేవో ఆనవాలు పట్టలేనివి. బతికినన్నాళ్లూ దాన్ని బొడ్డుసంచిలో దాచుకుంది హనుమక్క. ఆమె పోయాక దానికి కొండి అతికించి బిళ్ల చేశారు.

ఏటా పెద్దలమావాస్యకు చౌడమ్మ విడపనకల్లు నుంచి వస్తుంది. బిళ్లను దగ్గరుండి తోమించి, పీట మీద పెట్టి, కూతురికి ఇష్టమైనవి వండించి పెట్టిపోతుంది. ఈసారీ అందుకే వచ్చింది. ఇప్పుడు బిళ్లను ఎండకు పట్టి, అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇది నా బిడ్డది కాదు."

"అదేందిమ్మా అట్లంటావు?"

"వెండి యాడన్నా ఎర్రగైతాదా? నల్లబడతాది, తోమితే తెల్లగైతాది. ఇది రాగి. వెండిది యాడ పెట్టినావు?"

"మెడలోంచి తీసిందే లేదు నేను."

"తీయకుండానే తోముతాండావా ఇప్పుడు?"

గంగాదేవి బోసిగా ఉన్న మెడ తడుముకుంది. చేతికి అంటిన చింతపండు తుడుచుకోవడం కూడా మరిచిపోయి అలాగే నిలబడింది.

చౌడమ్మ గొంతు పెంచలేదు. "పండగ కానీ. అయినాక భారతిని తోడ్కపోతా. తల్లి గుర్తునే మాయం చేసినదాని దగ్గర పిల్లనెట్ల ఇడ్సేది?"

భారతి తొమ్మిదో తరగతి. గంగాదేవి ఈ ఇంటికి వచ్చినప్పుడు పాకుతూ వచ్చి ఆమె కొంగు పట్టుకుని లేచి నిలబడిన పిల్ల. చౌడమ్మ అరిచి ఉంటే కోపమనుకునేది గంగాదేవి. అరవలేదు కాబట్టి భయమేసింది.

చేనులో ఎండిపోయిన చెనక్కాయ చెట్లు పీక్కుని, మోపు కట్టుకుని వచ్చాడు ఓబులేష్. సంగతి విని బిళ్లను చేతిలోకి తీసుకున్నాడు. బొటనవేలితో అంచు తడిమి చూశాడు. తర్వాత పశువుల వైపు చూస్తూ అన్నాడు.

"పోయిన నెల మీ తమ్ముడు వచ్చిపోయినాడు గదా."

"వస్తే?"

"ఏం లేదులే. అడిగినా."

ఆ పూట గంగాదేవి పొయ్యి మీద పాలు పొంగించేసింది. తోడు పెట్టిన గిన్నెలోనే మళ్లీ తోడు వేసింది. ఊడ్చిన వాకిలే ఊడ్చింది. తెల్లారగానే తల దువ్వుకుని, "ఉరవకొండకు పోయి చూపించుకొస్తా. నువ్వూ రా. నేనొక్కదాన్నే పోతే అదొకటి అంటారు" అంది మొగుడితో.

బస్సులో చెరొక సీట్లో కూర్చున్నారు. బిళ్ల మెడలో లేక గుండె దగ్గర ఖాళీగా ఉంది ఆమెకు. కొంగు కొసన ముడి వేసిన దాన్ని మాటిమాటికీ తడుముకుంది.

వెండి అంగడాయన బిళ్ల అంచును గీటురాయి మీద గీశాడు. గీత ఎర్రగా పడింది.

"లోపల రాగి. పైన వెండి. ఎవరో బాగానే చేసినారు."

ఓబులేష్ రోడ్డు వైపు తిరిగి నిలబడ్డాడు. గంగాదేవి బల్ల అంచు పట్టుకుంది. అంగడాయన మాత్రం బిళ్లను ఇంకా తిప్పి చూస్తూనే ఉన్నాడు.

"ఈ గుర్తులు మాత్రం ఇప్పటి పనిమాదిరి లేవు. కాలేజీలో చరిత్ర చెప్పే సుల్తానా మేడం ఇట్లాంటివి చూస్తాది. ఎనక వీధే. నా మాట ఎందుకు, ఆయమ్మకు చూపీండి."

సుల్తానా వరండాలో చిక్కుడుకాయలు ఒలుస్తోంది. సంగతంతా విని, చేతులు తుడుచుకుని, భూతద్దం తెచ్చుకుంది. గంగాదేవి ఆమె భుజం పక్కనే నిలబడింది. కాసేపటికి ఇటుపక్కకు వచ్చింది. మళ్లీ అటు పోయింది.

"కూచోమ్మా. నువ్వు తిరుగుతాంటే నీడ పడతాంది."

గంగాదేవి మెట్టు మీద కూర్చుంది. సుల్తానా తలెత్తకుండానే చెప్పింది.

"అచ్చులో పోసింది కాదు. పోసింటే గుర్తుల అంచులు మెత్తగా ఉంటాయి. ఇవి ఒక్కోటీ ఇడిగా కొట్టినవి. కొట్టినచోట వెండి గుంటలోకి దిగి అట్లే ఉండాది."

"మరి రాగి?" అన్నాడు ఓబులేష్.

"రాగి ముక్కకు వెండి రేకు చుట్టి, దానిమీద గుర్తులు కొట్టినారు. ఆ కాలంలోనే ఎవరో చేసిన దొంగనాణెం."

"అంటే దొంగదేనా?"

"దొంగదే. కానీ రెండువేల ఏండ్లకు పైబడిన దొంగది. ఇదో, ఈ పగులులో చూడప్పా. వెండి కింద ఆకుపచ్చ చిలుము పట్టి, రేకును పైకి లేపింది. ఈ నడమ పూత పూసినదానికి ఇట్ల పట్టదు."

ఓబులేష్ భూతద్దంలోంచి చూశాడు. "అప్పుడు కూడా మోసాలేనా మేడం?"

"అప్పుడుండిందీ మనుషులే గదప్పా." ఆమె గంగాదేవి వైపు తిరిగింది. "దీన్ని ఎప్పుడెప్పుడు తోముతావమ్మా?"

"పండగ పండగకూ. నల్లబడితే మా అక్క మొగం నల్లబడినట్లేనని చౌడమ్మ అంటాది. అందుకని చింతపండు పెట్టి గట్టిగా తోముతా."

"పెండ్లైనప్పట్నుంచీ?"

"అవును."

"నీ తోముడికే రేకు అరిగిపోయింది. పట్టించుకోకుండా ఇడ్సింటే ఎవరికీ తెలిసేది కాదు."

గంగాదేవి ఆ మాటను మింగలేక, కక్కలేక కూర్చుంది. "ఇది మా అక్కకు దొరికిందేనని మీరు రాసిస్తారా మేడం?"

"పాతదని చెప్పగలను. ఎవరికి దొరికిందో నాకెట్ల తెలుస్తాది? దొరికినప్పుడు చూసినవాళ్లున్నారా?"

"చౌడమ్మొక్కతే. అక్క పుట్టింటికి తీస్కపోయి చూపించిందంట."

సుల్తానా ఆలోచించింది. "మంచి వెండిదైతే మట్టిలోంచి తీసినప్పుడు నల్లగా ఉంటాది. ఇదైతే యాడో ఒకచోట పచ్చగా పొర కట్టి ఉండాల. ఆమెనే అడుగు. నువ్వు రంగు పేరెత్తొద్దు. ఎట్లుండె అని మాత్రం అడుగు."

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుంది గంగాదేవి. తన మీద నింద వేసిన మనిషే తనకు సాక్షి. ఓబులేష్ గొంతు సవరించుకున్నాడు.

"ఆమె గుర్తు లేదంటే?"

గంగాదేవి కొంగు ముడి బిగించింది.

వాళ్లు వచ్చేసరికి చౌడమ్మ వాకిట్లో భారతికి జడ వేస్తోంది. గంగాదేవి చెప్పులు కూడా విడవకుండా ఎదురుగా నిలబడింది.

"అమ్మా, దొరికిన దినం అక్క నీకు చూపించినప్పుడు అదెట్లుండె?"

"ఎందుకు?"

"చెప్పు."

"మట్టి కొట్టుకోనుండె."

"మట్టి కడిగినాక?"

జడ పాయల మధ్య చౌడమ్మ వేళ్లు ఆగాయి. ఆమె గంగాదేవి మొహంలోకి చూసింది, ఓబులేష్ మొహంలోకి చూసింది. అడిగినదాని వెనక ఏదో ఉందని ఆమెకు తెలిసిపోయింది. గుర్తు లేదంటే అక్కడితో అయిపోయేది. భారతి తల తిప్పబోతే మళ్లీ నేరుగా పెట్టింది.

"ఒక పక్క పచ్చగా ఉండె," అంది చివరికి. "పాచి పట్టిందనుకుంటి. నేనే చింతపండు పెట్టి, అది పోయేదాకా తోమిచ్చినా."

ఓబులేష్ తలగుడ్డ తీసి అరుగు మీద కూలబడ్డాడు. గంగాదేవి మేడం చెప్పిందంతా చెప్పింది. రాగి ముక్క, వెండి రేకు, తోముడు. చెబుతున్నకొద్దీ చౌడమ్మ మొహం చూడలేక నేల చూసింది.

"అయితే నా బిడ్డ సచ్చేదాకా దాచుకున్యది దొంగదా?"

"శానా పాతదంటమ్మా."

"పాతదని కాదు నేనడిగింది."

"దొంగదేనంట."

చౌడమ్మ జడ పూర్తి చేసింది. రిబ్బను ముడి వేసి, సరిగా రాలేదని విప్పి, మళ్లీ వేసింది.

"వెండేననుకుంటా పోయింది," అంది. "పోనీలే."

గంగాదేవి మీద వేసిన నింద గురించి ఆమె ఏమీ అనలేదు. ఓబులేష్ కూడా తమ్ముడి మాట మళ్లీ ఎత్తలేదు, పశువులకు నీళ్లు పెట్టడానికి లేచిపోయాడు. ఆ సాయంత్రమంతా గంగాదేవి ఎవరో ఏదో అంటారని ఎదురుచూస్తూ ఇంట్లోకీ వాకిట్లోకీ తిరిగింది.

అమావాస్య పొద్దున అలవాటు కొద్దీ చింతపండు నానేసి, బిళ్ల తీసి ముందు పెట్టుకుంది. భారతి బడి సంచీ, బట్టల సంచీ రెండూ పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడింది.

"అవ్వా, ఏది సర్దుకోవాల?"

"నీకు ఈడ బడి లేదా?" అంది చౌడమ్మ.

భారతి బట్టల సంచీ లోపల పడేసింది. చౌడమ్మ వంగి చింతపండు గిన్నె అందుకుని, పొయ్యి మీద మరుగుతున్న చారులో పిండింది.

"ఉత్త నీళ్లతో కడుగు చాలు."

గంగాదేవి బిళ్ల మీద నీళ్లు పోసింది. బొటనవేలు దానంతట అదే రుద్దబోయింది. ఆపుకుంది. ఆపుకున్న వేలిని ఏం చేయాలో తోచక, తడి కొంగుకు తుడుచుకుంది.