జీపులో పెట్టిన వంజరం

మా తోటికోడలు రామాయమ్మకి ఒక్కడే కొడుకు, ఎల్లారావు. వలలో పడ్డ పాము కరిచి పోయాడు. వేట నిషేధం ముగిసి పడవలు మళ్లీ దిగిన రోజులవి. రెండు వేల మూడు అనుకుంటాను, మా పేటకి అప్పటికింకా సిమెంటు రోడ్డు పడలేదు. వల లాగుతూ చేపనుకుని చెయ్యి పెట్టాడు. ఒడ్డుకి వచ్చేసరికి రెప్పలు వాలిపోతున్నాయి కానీ మాట పోలేదు.

ఆటోలో వేసుకుని సర్కారాసుపత్రికి తీసుకెళ్లాం. ఏ ఊరిదో చెప్పను, ఇప్పుడక్కడ మంచివాళ్లే ఉన్నారట. ఆ మధ్యాహ్నం డాక్టరు లేడు. డ్యూటీ వదిలేసి సొంత క్లినిక్కులో ఉన్నాడు. కాంపౌండరు అప్పలరాజు ఒక్కడే పాపం ఫోన్లు చేస్తూ అటూ ఇటూ తిరిగాడు. ఎల్లారావు వరండాలో బల్ల మీద పడుకుని నాతో మాట్లాడాడు. "పెద్దమ్మా, దుర్గకి ఇప్పుడే సెప్పకండి, బయపడిపోద్ది" అన్నాడు. దుర్గాలక్ష్మి వాడి భార్య. ఎస్. రాయవరం పక్కన పుట్టింట్లో ఉంది, కొడుకు పుట్టి ఇంకా నెల కాలేదు. పొద్దు వాలకముందే వాడి ఊపిరి ఆగిపోయింది.

డాక్టరు ఆ తర్వాత వచ్చాడు. పాము మంత్రం వేయించుకుంటూ కూర్చుని చివరికి శవాన్ని తెచ్చారన్నాడు, అలాగే రాసుకున్నాడు. మేము ఏ మంత్రగాడి గుమ్మమూ తొక్కలేదు. కానీ డాక్టరు మాటాయె, మాకంటే ముందే ఎస్. రాయవరం చేరింది. దుర్గ కబురు పంపింది: "నా మొగుణ్ణి మంత్రాలకి ఒగ్గేసినోళ్ల ఇంటికి నాను రాను. పిల్లోణ్ణీ పంపను."

రామాయమ్మ కొడుకు కోసం ఏడ్చిందా, ఆ మాటకి ఏడ్చిందా, నాకు తెలియలేదు. "అక్కా, ఆ డాక్టరు జైలుకెళ్లినా ఎల్లకపోయినా నాకొద్దు. ఆణ్ణి బతికుండగానే తెచ్చేనని ఎవులైనా పెద్దోలు సెప్తే సాలు. అప్పుడు దుర్గ నమ్ముతాది" అంది.

మా బడి పంతులమ్మ శాంతికుమారి హైదరాబాదులో లోకాయుక్తకి అర్జీ రాసింది.

"అదేటమ్మా, కోర్టా?" అంది రామాయమ్మ.

"కోర్టు కాదు పిన్నీ. సర్కారు ఉద్యోగులు తప్పు చేస్తే పిలిచి అడిగే పెద్ద జడ్జిగారు."

"సర్కారునే అడిగేవోడికి జీతం ఎవులిత్తారు?"

"సర్కారే."

"అయితే మన పని అయినట్టే" అన్నాను నేను. ముగ్గురం నవ్వుకున్నాం. వాడు పోయాక ఆ ఇంట్లో నవ్వడం అదే మొదలు.

కానీ నిజంగానే జీపులో మనిషి వచ్చాడు. విచారణాధికారి త్రినాధరావుగారు, నెరిసిన జుట్టు, నెమ్మదైన గొంతు. మా అరుగు మీద కూర్చుని మేము చెప్పింది చెప్పినట్టు రాసుకున్నారు. రామాయమ్మ మధ్యలో ఏడిస్తే కలం ఆపి ఊరుకున్నారు.

"మంచినీళ్లైనా తాగు బాబూ" అంది.

"వద్దమ్మా. విచారణకి వెళ్లినచోట ఏదీ ముట్టకూడదు, మాకు నియమం."

"ఎవులైనా విసం పెడతారనా?"

"తీపి పెడతారని."

తరవాత బడిలో అప్పలరాజుని పిలిపించి అడిగారు. శాంతికుమారి బయట నిలబడి విందట. "బతికే ఉన్నాడండి, నేనే నీళ్లు పట్టేను. ఇక్కడొద్దు బాబూ, అందరూ సూత్తన్నారు. రేపు అనకాపల్లిలో మీ బసకే వచ్చి సంతకం పెట్టి మరీ సెప్తాను" అన్నాడట. ఆ మాట వినగానే రామాయమ్మ నా చెయ్యి పట్టుకుని వదల్లేదు.

మా పేటలో ఒక ఆనవాయితీ ఉంది. పోయినవాడి మాట వినడానికి గడప దగ్గరకి వచ్చినవాళ్లని చేప లేకుండా పంపం. అలా పంపితే పోయినవాడికి ఆకలి తీరదంటారు. డ్రైవరు టీ తాగడానికి వెళ్లినప్పుడు రామాయమ్మ ఆ పూట వలలో పడ్డ వంజరం చేపని తడి గోనెలో చుట్టి జీపు వెనక సీటు కింద పెట్టేసింది. నాతో కూడా అనలేదు.

మర్నాడు పొద్దున్నే జీపు మళ్లీ వచ్చింది. త్రినాధరావుగారే గోనె పట్టుకుని దిగారు. చేపని ఐసులో ఉంచి తెచ్చారు.

"ఇది ఎవరు పెట్టారమ్మా?"

"నానే బాబూ. లంచం కాదు. అది మావోడి కూడు."

"నాకు తెలుసమ్మా. కానీ నా జీపులో దొరికింది నేను దాచకూడదు. జరిగింది జరిగినట్టు పైకి రాసి పంపాను. ఇంక ఈ విచారణ నేను చెయ్యకూడదు, ఇంకొకరు వస్తారు."

"అప్పలరాజు వత్తానన్నాడు కదా ఇయ్యాల?"

"ఆయన మాట కూడా వచ్చేవారే రాసుకోవాలి."

"సేపతోపాటు మా మాట కూడా తిరిగిచ్చెత్తన్నావా బాబూ?"

ఆయన గోనె అరుగు మీద పెట్టి రెండు చేతులూ జోడించారు. ఆ మనిషిని తిట్టడానికి నాకు నోరు రాలేదు, ఇప్పటికీ రాదు. రామాయమ్మ ఆ చేపని కొయ్యలేదు, అమ్మలేదు. సముద్రంలో వదిలేసి వచ్చింది.

కొత్త అధికారి వచ్చేసరికి ఏడాది తిరిగిపోయింది. అనకాపల్లి రమ్మంటే వెళ్లాం. తల్లి, పెద్దమ్మ కాక బయటివాళ్లు ఎవరైనా చూశారా అని ఆయన అడిగారు. అక్కడే కూర్చున్న అప్పలరాజుని లేచి చెప్పమన్నారు. వాడు ఏడాదంతా ఆ డాక్టరు కిందే పనిచేశాడు. గోడ వంక చూస్తూ, "గేపకం లేదండి" అన్నాడు.

"బాగా ఆలోచించి చెప్పు" అన్నారు అధికారి.

వాడు భుజం మీద తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. రామాయమ్మ లేచి, "ఇంక అడక్కండి బాబూ. ఆడికీ పిల్లలున్నారు, ఎల్లనివ్వండి" అంది.

ఆ తరవాత తీర్పు కాగితం వచ్చింది, శాంతికుమారి చదివింది. డాక్టరు డ్యూటీలో లేని మాట నిజమేనట, శిక్ష వేయమన్నారట. పేటలో అందరూ గెలిచామన్నారు.

"ఆడు బతికుండగా తెచ్చేనని ఉందా?" అంది రామాయమ్మ.

"దానికి సాక్ష్యం దొరకలేదని ఉంది పిన్నీ."

నేను ఆగలేక దుర్గ దగ్గరికి వెళ్లాను. ఆ వరండా, ఆ బల్ల, వాడన్న మాట అన్నీ చెప్పాను. ఆ పిల్ల తల ఎత్తకుండా చేటలో బియ్యం ఏరుతూ, "నువ్వు మా అత్తకి తోటికోడలివి పెద్దత్తా. సెప్పకేటి సేత్తావు. కాయితంలోనే లేదంట కదా" అంది. కళ్లల్లో నీళ్లు బియ్యంలో పడుతున్నాయి, అయినా ఏరడం మానలేదు. పిల్లవాణ్ణి మాత్రం నా ఒళ్లో కూర్చోనిచ్చింది.

ఇంటికి వచ్చేసరికి రామాయమ్మ గుమ్మంలోనే ఉంది. నా మొహం చూసి, దుర్గ ఏమందని అడగలేదు.

"కుర్రోడు ఎలాగున్నాడు?" అంది.

"నడుత్తన్నాడు. గోడ పట్టుకోకుండానే."

"ఎవులి పోలిక?"

"మన ఎల్లారావే. ఆ సెవులు, ఆ నడక."

రామాయమ్మ నా పక్కకి జరిగి కూర్చుని, "ఇంకా సెప్పు" అంది.