రీడు తడిసేదాకా

రాజోలు చుట్టుపక్కల మా ఆయన సత్యానందం గారి బ్యాండు మేళం లేని పెళ్లి ఆ రోజుల్లో తక్కువ. చర్చిలో పెళ్లయినా పందిట్లో పెళ్లయినా ఎదుర్కోలుకి ఆయన క్లారినెట్టే ముందు నడిచేది. మనిషికి మాటలు తక్కువ. ఆ లోటు నేను తీర్చేదాన్ని.

డెబ్బైల్లో ఒక వానాకాలం, చెమ్మకి ఆ క్లారినెట్టు పొడుగునా బీట తీసింది. మైనం పూసినా, దారం చుట్టినా గాలి ఆగలేదు. ఇక్కడ దొరికేవేవీ ఆయన చేతికి నచ్చలేదు. మద్రాసు షాపాయన చేత కొత్తదాని కోసం ఫ్రాన్సుకి రాయించి, సొమ్ము ముందే కట్టాం. తీరా ఓడ దిగాక సరుకు కస్టమ్స్ వాళ్ల దగ్గర ఆగిపోయింది. సొంత వృత్తికైతే ఇస్తారట, అమ్మకానికైతే లైసెన్సు ఉండాలట. ఎన్ని ఉత్తరాలు రాసినా కదల్లేదు. పెళ్లిళ్లు ముంచుకొస్తున్నాయి. ఆ ముహూర్తాలు పోతే మేళంలో వాళ్లంతా పొట్ట కోసం వేరే మేళాలు చూసుకోవాల్సిందే.

ఆయన వెళ్లి ఏం మాట్లాడతారని నేనూ బయల్దేరాను. సఖినేటిపల్లి రేవులో గోదావరి దాటించే పంటు ఎక్కి, నరసాపురంలో రైలెక్కి మద్రాసు చేరాం.

అదృష్టం, అక్కడి ఆఫీసరుకి తెలుగొచ్చు. ఇంక నేను అందుకున్నాను. మా మేళం సంగతి, వాన సంగతి, ఎవరి పెళ్లిలో ఏం వాయించారో, అన్నీ చెప్పాను. ఆఫీసరు చెవి గోక్కుంటూ, “అందరూ ఇలాగే చెబుతారమ్మా, బయటికెళ్లి రెట్టింపుకి అమ్ముకుంటారు. సరే, వాయించమనండి” అని పెట్టె తెరిపించాడు.

మా ఆయన కంగారుగా గొట్టాలు బిగించి ఊదారు. కీచుమంది. మళ్లీ ఊదితే కోడిపుంజు గొంతు నొక్కినట్టయింది. గుమాస్తాలు నవ్వారు. ఆఫీసరు పెట్టె మూత మీద చెయ్యేశాడు.

అప్పుడు మా ఆయన క్లారినెట్టు మూతి దగ్గరుండే రీడు, ఆ పల్చటి పుల్ల, ఊడదీసి నాకేసి చాపారు. నేను అందుకుని నోట్లో పెట్టుకుని బల్ల మీద కూర్చున్నాను. పొడి రీడు పలకదు. ఇంటి దగ్గర ఆయన ఎర్రకోటు గుండీలు పెట్టుకునేలోపు దాన్ని తడిపి ఇవ్వడం నా పని. పెళ్లయిన దగ్గర్నుంచీ అంతే. నా మాట ఆగేసరికి గదంతా నిశ్శబ్దమైపోయింది.

“ఏంటది?” అన్నాడు ఆఫీసరు.

మా ఆయన మొదటిసారి నోరు విప్పారు. “రీడు తడవాలండి. ఎప్పుడూ ఆవిడే తడిపిత్తాదండి.”

ఆఫీసరు మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి కలం తీశాడు. “పొద్దున్నుంచి ఈవిడ మాట ఆపడం మా ఆఫీసంతటికీ చేతకాలేదు. ఆ పుల్లకి చేతనైంది. అమ్ముకునేవాళ్లకి ఈ అలవాటు ఎక్కణ్ణుంచి వస్తుందిలెండి” అంటూ సంతకం పెట్టాడు. పెట్టాక, “ఇప్పుడు వాయించండి, నా కోసం” అన్నాడు.

మా ఆయన తడిసిన రీడు బిగించి ఎదుర్కోలు పాట వాయించారు. ఇందాక నవ్విన గుమాస్తాలే లేచి నిలబడ్డారు.

ఆ హడావిడిలో ఆ మహానుభావుడి పేరు అడగడం మరిచాను. ఆ ఏడు మొదటి పెళ్లి మలికిపురంలో. రీడు నోట్లో ఉండగా ఎలాగూ మాట్లాడలేను కదా, కళ్లు మూసుకుని ఆ ఆఫీసరు కోసం ప్రార్థన చేశాను. మా ఆయన వాయించినన్నాళ్లూ ప్రతి పెళ్లికీ చేశాను. పేరు దేవుడికి తెలుసు.