పొట్లంలో ఏముంది?
సెరాయు నది ఒడ్డు ఊళ్లలో పిల్లలకు జ్వరమొస్తే మాత్ర ఇవ్వరు, పొడి ఇస్తారు. డాక్టరు చీటీ రాస్తాడు. అందరూ ‘పాక్’, అంటే అయ్యా, అని పిలిచే మందుల కొట్టు దర్సోనో నాలుగైదు రకాల మాత్రలు కల్వంలో నూరి, తెల్లకాగితాల్లో పొట్లాలు కడతాడు. పొట్లం మీద ‘రోజుకు మూడుసార్లు’ అని ఉంటుంది. లోపలేముందో ఆ దేవుడికీ దర్సోనోకీ తప్ప తెలీదు. అడిగే అలవాటు ఎవరికీ లేదు.

కుస్రినికీ లేదు. బస్టాండు దగ్గర టెంపే, అంటే సోయా గింజల ముక్కలు, వేయించి అమ్ముకునే మనిషి; అందరూ మర్యాదగా ‘బు’, అంటే అమ్మా, అంటారు. నాలుగేళ్ల కూతురు వెనింగ్‌కి ఆ పొట్లాలు నాలుగు రోజులు వేసింది. జ్వరం దిగట్లేదని మధ్యమధ్య కొట్లో కొన్న జ్వరం సిరప్ కూడా పోసింది. ఐదోరోజు పిల్లకు వాంతులు పట్టుకుని, కళ్లు పసుపు పూసినట్టయ్యాయి. పిలిస్తే పలకడం మానేసింది. పెద్దాసుపత్రి డాక్టరమ్మ కాలేయం దెబ్బతిందని చెప్పి, కుస్రిని తెచ్చిన ఖాళీ పొట్లం కాగితాన్ని అటూ ఇటూ తిప్పింది.

“సిరప్‌లో ఉన్న మందే ఇందులోనూ ఉందని నా అనుమానం, బు. కాకపోతే ఇంకేదో. తెలిస్తే సరైన విరుగుడు మొదలెడతా. త్వరగా కనుక్కురండి.”

పిల్లను మొగుడి ఒళ్లో పెట్టి, బండెక్కి దర్సోనో కొట్టుకు వచ్చి పడింది కుస్రిని. దర్సోనో మర్యాదస్తుడు. చీటీ డాక్టరు దగ్గరుందన్నాడు, డాక్టరేమో సెమరాంగ్ పట్నం వెళ్లాడన్నాడు. ఆఖరికి, సిరప్ ఎవరు పొయ్యమన్నారని అడిగాడు. వరసలో ఉన్న తల్లులందరూ ఆమె వైపు తిరిగారు.

కుస్రినికి బిడ్డను తన చేతులతోనే చంపుకుంటున్నానా అనిపించింది. ఆ వెంటనే ఒళ్లు మండింది.

“పోశాను, పాక్. నేనే పోశాను. మీరు నూరారు, నేను పోశాను. నా వంతు ఒప్పుకున్నా. మీ వంతు చెప్పండి.”

“మెల్లగా మాట్లాడండి, బు. అందరూ వింటున్నారు.”

“వినాలనే.”

కౌంటరు బల్ల పలక పైకెత్తి లోపలికి నడిచి, కల్వం ముందున్న పీట మీద కూర్చుంది. నూరే పొత్రం తీసి ఒళ్లో పెట్టుకుంది. చీటీ దొరికేదాకా ఇక్కడ ఎవరి మందూ నూరేది లేదంది. ఆమెను బయటికి పంపమన్నట్టు దర్సోనో వరస వైపు చూశాడు. ఎవరూ కదల్లేదు. ముందున్న ముసలామె తన మనవడి పొట్లం విప్పి, ఇందులో ఏముంది నాయనా అని నెమ్మదిగా అడిగింది.

సెమరాంగ్ వెళ్లిన చీటీ పావుగంటలో సొరుగులోనే దొరికింది. నాలుగు మందులు. మొదటిది పారాసిటమాల్, సిరప్ సీసా మీదున్న పేరే.

విరుగుడు ఎక్కించారు. మూడోరోజు వెనింగ్ కళ్లు తెరిచి, అమ్మ చెయ్యి వెతుక్కుంది. కుస్రిని ఏడ్చింది, సిగ్గుపడకుండా, గట్టిగా.

పదోరోజు ఇంటికి పొమ్మన్నారు. పిల్లను చంకనేసుకుని ఆసుపత్రి మందుల కిటికీ దగ్గరికెళ్తే, లోపలి అమ్మాయి నవ్వుతూ తెల్లటి పొట్లాలు ముందుకు తోసింది. పైన ‘రోజుకు రెండుసార్లు’ అని ఉంది. అంతే.

కుస్రిని వాటిని వెనక్కి తోసింది. అందరికీ ఇలాగే ఇస్తామనీ, వెనక వరస పెరిగిపోతోందనీ ఆ అమ్మాయి విసుక్కుంది.

కుస్రిని మోచెయ్యి కిటికీ మీద ఆనించి తీరుబడిగా నిలబడింది.

“పెరగనీ. ముందు లోపలేముందో రాయి. చదివాకే తీసుకుంటా.”