జనరల్ గారి మూడు చావులు

మధుసూదనరావుకి ఆ ఏడాది ఒకటే కోరిక, సింగపూర్ వదలకూడదని. బూన్ లేలో ఆయన పనిచేసే స్వీడన్ వాళ్ల పంపుల కంపెనీని వియత్నాంకి ఎత్తేస్తున్నారు. ఇక్కడ మిగిలేది గుప్పెడుమంది. కూతురు దీక్షితకి మన పదో తరగతి లాంటి ఓ-లెవెల్ పరీక్షలు. ఇప్పుడు బడి మార్పిస్తే పిల్ల చదువు గంగలో కలుస్తుంది.

ఎవరు ఉండాలో తేల్చేది ఎండీ బెర్టిల్. ఆయన ముత్తాతల్లో ఒకడు జనరల్ ఊల్ఫ్‌హెల్మ్ అట, మూడొందల ఏళ్ల కిందటి స్వీడన్ సేనాని. దొరని ప్రసన్నం చేసుకోవాలని, కంపెనీ ఫ్యామిలీ డేకి ఆ జనరల్ చరిత్రని తెలుగు పద్యనాటకంగా ఆడతానని మాటిచ్చేశాడు మన మహానుభావుడు!

జురాంగ్ వెస్ట్‌లో ఉండే హార్మోనియం వీరాస్వామి, మలేసియాలో పుట్టి పెరిగిన పెద్దాయన, కథంతా విన్నాడు. జనరల్ పదిహేనో ఏట గుర్రమెక్కాడు, పోలండులో గెలిచాడు, రష్యా మంచులో సగం సైన్యాన్ని పోగొట్టుకున్నాడు, డెన్మార్కు వాళ్ల ఖైదులో మగ్గాడు, ముసలితనంలో జ్వరమొచ్చి పోయాడు.

"అలామక్! మంచంలో పోతే పద్యం యెక్కడ పాడతావు తంబీ? యుద్ధంలోనే సావనీ!" అన్నాడు వీరాస్వామి.

సరే, చావు రణరంగానికి మారింది. కిరీటం మాత్రం దుర్యోధనుడిదే దొరికింది.

ఆ రోజు మధుసూదనరావు గుండెలో బాకు దిగిన జనరల్‌గా పద్యం పాడి దబ్బున పడ్డాడు. ముందు వరసలో బెర్టిల్ కళ్లు తుడుచుకుంటూ, "హీ స్టేస్ ఇన్ సింగపూర్" అన్నాడు. పక్కనే ఉన్న రాధ, మధుసూదనరావు భార్య, ఆ మాట విని వెంకన్నకి దణ్ణం పెట్టుకుంది. అమ్మయ్య!

అక్కడితో తెర దించితే ఎంత బాగుండేది! వెనక వరసల్లో మనవాళ్లు ఊరుకుంటారా? బిషాన్ నుంచొచ్చిన గోపీకృష్ణ ఈలవేసి, "వన్స్ మోర్!" అని అరిచాడు. పద్యానికి వన్స్ మోర్ పడితే చచ్చినవాడైనా లేవాలి, అది మన స్టేజీ మర్యాద. లేచాడు, పాడాడు, మళ్లీ చచ్చాడు.

బెర్టిల్ ఉలిక్కిపడ్డాడు. "హీ డిడ్ నాట్ డై?"

"డైడ్ సార్. పబ్లిక్ డిమాండ్," అన్నాడు అర్థాలు చెప్పడానికి పక్కన కూచున్న చక్రధర్.

ఇక లేవొద్దని రాధ కళ్లతోనే బతిమాలింది. ఇంకో వన్స్ మోర్ పడింది. పూనకం వచ్చినవాడికి పెళ్లాం కనబడుతుందా? లేచి, పద్యం చాలక సొంత కవిత్వం ఎత్తుకున్నాడు.

"సైనికులారా! ఏ దేశమైనా సరే, ముందు దాటేది నా గుర్రమే! ఇల్లూ వాకిలీ నాకు గడ్డిపోచ!"

అని మూడోసారి చచ్చాడు. చక్రధర్, వాడి నోరు పడిపోను, పొల్లుపోకుండా అనువదించాడు.

బెర్టిల్ స్టేజీమీదకి ఉరికి శవాన్ని కావలించుకున్నాడు. వియత్నాంలో ముందు నిలబడే మనిషి కోసమే ఇన్నాళ్లూ వెతికానని, ఫ్యాక్టరీ ఇక ఈయనదేనని, వచ్చే నెలే ప్రయాణమని మైకులో ప్రకటించాడు. హాలంతా చప్పట్లు. రాధ కుర్చీలో కూలబడింది.

ముగ్గురూ ఇంటికెళ్లే ట్రైన్ ఎక్కారు. మధుసూదనరావు మొహాన రంగు ఇంకా పోలేదు. దీక్షిత తండ్రి వంక చాలాసేపు చూసి, ఆపుకోలేక ఏడ్చేసింది.

"డై వన్ టైమ్ ఇనఫ్ ఆల్రెడీ లా, డాడీ!"